నల్లగొండ దారుల్లో పద్దెనిమిది శాఖలు

మొదటి రోజు: సూర్యాపేట మీదుగా ఫణిగిరి

మా చిన్నమ్మ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసింది. రిటైరైన ఏడాదే నాగార్జునసాగర్‌లోని విపశ్యన ధ్యాన కేంద్రానికి వెళ్లి పది రోజులు నోరు మెదపకుండా కూర్చుని వచ్చింది. ఆ నోరు మెదపకుండా అన్న మాటను మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. అప్పటి నుంచి నేను పాలమూరు నుంచి నల్లగొండ వెళ్లిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: “బుద్ధుడు ఒక్కడే కదా బిడ్డా, మరి థేరవాదం, మహాయానం, వజ్రయానం అని ఇన్ని ముక్కలు ఎందుకయ్యాయి?”

నాలుగు పుస్తకాలు తిరగేసి, కాగితం మీద ఒక చెట్టు గీసి ఇచ్చాను. మొదట సంఘం ఒకటే మాను. బుద్ధుని నిర్వాణం తర్వాత సుమారు నూరేళ్లకు తగాదా మొదలై, స్థవిరులు ఒక కొమ్మ, మహాసంఘికులు ఒక కొమ్మ అయ్యారు. ఆ కొమ్మలకు రెమ్మలు. ఇటు సర్వాస్తివాదులు, మహీశాసకులు, ధర్మగుప్తకులు, సమ్మితీయులు. అటు లోకోత్తరవాదులు, బహుశ్రుతీయులు, చైత్యకులు. సంప్రదాయం మొత్తం పద్దెనిమిది అంటుంది కానీ, వేర్వేరు గ్రంథాల జాబితాలు పక్కపక్కన పెడితే పేర్లు ముప్పై దాటుతాయి. చిన్నమ్మ కళ్లద్దాలు సవరించుకుని కాగితాన్ని పై నుంచి కిందికి చూసింది.

“వంశవృక్షం బాగుంది. ఇందులో మనుషులు ఎక్కడున్నారు?” అంది.

ఈ ప్రయాణానికి కారణం ఆ మాటే. పుష్యమాసం చలిలో, తెలతెలవారుతుండగా నల్లగొండ నుంచి కారులో బయలుదేరాం. సూర్యాపేటలో ఇడ్లీ తిని, అక్కడి నుంచి సుమారు నలభై కిలోమీటర్లు వెళ్తే ఫణిగిరి. బిక్కేరు వాగు ఒడ్డున, పడగ విప్పినట్టున్న గుట్ట. పేరులోనే పాము ఉంది. గుట్ట ఎక్కుతుంటే పొద్దున్న తాగిన టీ అంతా చెమటగా మారింది. అరవై దాటిన చిన్నమ్మ నాకంటే ముందు ఎక్కి, పైనుంచి నా నాడి చూడాలా అన్నట్టు చూసింది.

నిజాం కాలంలో, 1940లలో, ఈ చోటు తొలిసారి పురావస్తు శాఖ వారి కంట పడింది. అసలు తవ్వకాలు 2001 తర్వాత జరిగాయి. పైన చూస్తే మహాస్తూపం, వెనుకభాగం గుండ్రంగా ఉన్న చైత్యగృహాలు, స్తంభాల మండపం, భిక్షువుల గదుల పునాదులు. 2024లో ఇక్కడే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. కుండ నిండా చిల్లర దాచింది ఎవరో గానీ, ఆ సంగతి రేపటి కథలో పనికొస్తుంది.

ఫణిగిరి పేరు దేశాలు దాటింది మాత్రం తోరణం వల్ల. ఆ రాతి అడ్డపట్టీ మీద బుద్ధుని జీవిత ఘట్టాలు చెక్కారు. ఇక్కడి శిల్పాలు కొన్ని 2023లో న్యూయార్క్ ప్రదర్శన దాకా వెళ్లి వచ్చాయి. హీనయాన, మహాయాన ధోరణులు రెండూ ఒకే పలక మీద కనిపించిన తొలి ఉదాహరణ ఇదేనని పురావస్తు పరిశోధకులు చెబుతుంటారు. అంటే పాదముద్రలు, ఖాళీ ఆసనం, బోధివృక్షం లాంటి గుర్తులతో బుద్ధుణ్ణి సూచించే పాత పద్ధతి, మనిషి రూపంలోనే చూపించే కొత్త పద్ధతి రెండూ పక్కపక్కన ఉన్నాయన్నమాట.

ఇక్కడ నాకో పేచీ ఉంది. బొమ్మ లేకపోతే హీనయానం, బొమ్మ ఉంటే మహాయానం అని మనకు బడిలో నేర్పిన సూత్రం నిలవదు. మొదటి సంగతి, హీనయానం అనేది ఎవరూ తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. అది ఎదుటివాళ్లు తక్కువ చేసి అన్న మాట. రెండో సంగతి, మహాయానాన్ని ఒప్పుకోని శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్‌లలో బుద్ధ విగ్రహం లేని ఊరు కనిపించదు. పాత శాఖల వాళ్లూ విగ్రహాలు పెట్టుకున్నారు. ఫణిగిరి శిల్పికి ఈ చర్చ చెబితే ఉలి పక్కన పెట్టి నవ్వేవాడేమో.

చిన్నమ్మను కట్టిపడేసింది వేరొకటి. ఈ నేలను ఏలిన ఇక్ష్వాకు వంశపు రాజు రుద్రపురుషదత్తుని పద్దెనిమిదో పాలనా సంవత్సరంలో, రాజుగారి ప్రధాన వైద్యుడు ఇక్కడ ధర్మచక్రం ప్రతిష్ఠించినట్టు స్తంభ శాసనం ఉంది.

“రాజవైద్యుడా! అయితే ఈయన మా శాఖే” అంది.

ఏ శాఖ అని నేను ఆలోచిస్తుంటే తనే అందుకుంది, “ఆరోగ్య శాఖ.”

మరో శాసనంలో ధమ్మసేనుడనే భిక్షువు చేసిన దానం గురించి ఉంది. ఆయన బిరుదు వినయధరుడు. వినయం అంటే ఇక్కడ అణకువ కాదు, భిక్షువుల నియమావళి. రాతలు లేని రోజుల్లో ధర్మాన్ని భిక్షువులు పంచుకుని కంఠస్థం చేసేవారు. నియమాలు మోసేవారు వినయధరులు, దీర్ఘమైన సూత్రాలు మోసేవారు దీఘభాణకులు, మధ్యమ సూత్రాలు మోసేవారు మజ్ఝిమభాణకులు. శాఖలకు ముందే సంఘంలో ఈ పని విభజన ఉంది. ఒక్కొక్కరు ఒక్కో మూట మోస్తూ ఒక్కో దిక్కుకు వెళ్తే, నూరేళ్ల తర్వాత మూటలు కాస్త తేడాగా ఉండడంలో వింతేముంది? నా చెట్టు బొమ్మలో ఈ మాట లేదు. ఆ రాత్రి సూర్యాపేట లాడ్జిలో దాన్ని కాగితం వెనకవైపు రాసుకున్నాను.

రెండో రోజు: మోత్కూరు దారిలో కల్లు, తుమ్మలగూడెంలో రాణి

తిరుమలగిరి, మోత్కూరు మీదుగా రామన్నపేట వైపు తిరిగాం. ఈ దారి పొడవునా ఈత వనాలే. ఒకచోట గీత కార్మికుడు మోకు భుజాన వేసుకుని చెట్టు దిగుతున్నాడు. నేను కారు ఆపించాను. చిన్నమ్మ నా వైపు అదోలా చూసింది.

“తాగడానికి కాదు. నీ ప్రశ్నకు జవాబు ఆ లొట్టిలో ఉంది” అన్నాను.

వైశాలిలో జరిగిన రెండో సంగీతి, అంటే భిక్షువుల మహాసభ, కథ ఇది. వజ్జి దేశపు భిక్షువులు పది సడలింపులు పాటిస్తున్నారు. కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చు. మధ్యాహ్నం దాటి నీడ రెండు వేళ్లు జరిగేదాకా భోంచేయవచ్చు. ఒక ఊళ్లో తిని, పక్క ఊరికి పోయి మళ్లీ తినవచ్చు. అంచుల్లేని ఆసనం వాడవచ్చు. పాలు కావు, పెరుగూ కాదు అన్న స్థితిలో ఉన్నదాన్ని భోజనం తర్వాత కూడా తాగవచ్చు. ఈ పదిలో ఒకటి జలోగి, అంటే ఇంకా పులియని కల్లు తాగవచ్చు అని.

గీత కార్మికుణ్ణి అడిగాను, “ఇది నీరానా, కల్లా?”

“ఎప్పుడు తాగుతారు సార్? ఇప్పుడే తాగితే నీరా. ఊరికి పోయి తాగుతానంటే కల్లు” అన్నాడు.

వైశాలిలో ఏడు వందల మంది భిక్షువులు కూర్చుని తేల్చింది సరిగ్గా ఈ విషయమే. చిన్నమ్మకు నవ్వాగలేదు. “ఉప్పు కోసం, కల్లు కోసం మతం చీలిందా?” అంది. అంత మాత్రమే కాదని చెప్పాను. అసలు గొడవ పదో అంశం దగ్గర ఉంది. యశుడనే భిక్షువు వైశాలికి వచ్చేసరికి, అక్కడి వాళ్లు ఉపవసథ (పౌర్ణమి, అమావాస్యల వ్రతం) రోజున కంచు పాత్రలో నీళ్లు పోసి మధ్యలో పెట్టి, సంఘానికి డబ్బులు వేయండని గృహస్థులను అడుగుతున్నారు. భిక్షువు వెండి బంగారాలు ముట్టకూడదు కదా అని యశుడు నిలదీశాడు. నిన్నటి సీసపు నాణేల కుండ గుర్తుకొచ్చింది మాకు ఇద్దరికీ. ఆ పంచాయితీలో పది అంశాలూ తప్పేనని తేల్చారు.

ఓడినవాళ్లే విడిగా సభ పెట్టుకుని మహాసంఘికులయ్యారని సింహళ గ్రంథం దీపవంశం చెబుతుంది. మహాసంఘికుల వైపు కథ పూర్తిగా తలకిందులు. తాము పాత నియమాలనే పట్టుకుని ఉన్నామని, స్థవిరులే కొత్తవి చేర్చారని వాళ్లు అంటారు. మూడో కథ కూడా ఉంది. మహాదేవుడనే భిక్షువు, అర్హతుడు, అంటే నిర్వాణం సాధించినవాడు, కూడా పూర్ణుడు కాదని, అతనికీ సందేహాలు ఉండవచ్చు, తెలియని విషయాలు ఉండవచ్చు, నిద్రలో శరీరం లొంగిపోవచ్చు అని ఐదు మాటలు ముందుకు తెచ్చాడని, చీలిక దానివల్ల వచ్చిందని అంటారు. ఆస్తి తగాదాలో అన్నదమ్ములిద్దరూ నేనే తండ్రి మాట నిలిపానని చెప్పడం మనం చూడనిదా? ఈ మూడు కథల్లో నాకు నచ్చింది మహాదేవుడిది. ఆ ఐదు మాటలు తర్వాత మన నేల మీద శాఖలకు బాగా వంటబట్టాయి. అది రేపు రాత్రి సంగతి.

తుమ్మలగూడెం చేరేసరికి పన్నెండు దాటింది. దీనికి ఇంద్రపాలనగరం అని పాత పేరు. గుట్టలు, కోటగోడ ఆనవాళ్లు, శిథిలమైన గుళ్లు. ఇక్కడ దొరికిన విష్ణుకుండి రాజుల రాగిరేకులు బౌద్ధ చరిత్రలో విలువైనవి. శ్రీపర్వతస్వామి పాదాలను తలచుకునే ఆ వంశంలో గోవిందవర్మ అనే రాజు, తన రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారానికి గ్రామాలు దానం చేశాడు. తర్వాతి తరాల విక్రమేంద్రవర్మ శక సంవత్సరం 488లో, అంటే సా.శ. 566లో, అదే విహారానికి మళ్లీ దానం ఇచ్చాడు. దానం పుచ్చుకున్నది ఎవరు? చతుర్దిశ ఆర్య భిక్షుసంఘం. నాలుగు దిక్కుల నుంచి వచ్చే భిక్షువులందరికీ అని. ఎవరు వచ్చినా అన్నం పెట్టండి అన్నట్టు ఉంది ఆ మాట.

“కట్టించింది రాణి, పేరు రాజుగారి రేకుల మీద” అని చిన్నమ్మ సరిగ్గా చురక అంటించింది. ఆ రేకుల్లో రాణి పేరు ఉందని, దానివల్లే మనకు తెలిసిందని సర్దిచెప్పబోయాను. వినలేదు.

తిరుగు దారిలో టైరు పంక్చరై గంటన్నర రోడ్డు పక్కన కూర్చున్నాం. దాని గురించి రాయడానికేమీ లేదు. చీకటి పడ్డాక నల్లగొండలో చిన్నమ్మ ఇల్లు చేరి జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పడుకున్నాం.

మూడో రోజు: హాలియా, సాగర్, బుద్ధవనం

హాలియా దాటాక కాలువలు, వరి నారుమళ్లు. సాగర్ డ్యామ్ దూరం నుంచి కనిపించగానే చిన్నమ్మ తన విపశ్యన కేంద్రం వైపు వేలు చూపింది. అక్కడ నేర్పే పద్ధతి బర్మా నుంచి వచ్చింది. రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా 1969లో దాన్ని భారతదేశానికి తెచ్చారు. ఏ మతానికీ శాఖకూ చెందనిదని వాళ్లు చెప్పుకుంటారు. వంశం మాత్రం థేరవాదానిదే. ఈ నది ఒడ్డున పదిహేడు వందల ఏళ్ల క్రితం సింహళ థేరవాద భిక్షువులకు విహారం ఉండేది. ఆ తర్వాత అంతా పోయి, అదే వంశం సముద్రం చుట్టి బర్మా మీదుగా మళ్లీ ఇక్కడికే వచ్చి కూర్చుంది.

బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది. 2022 మే నెలలో ప్రారంభమైంది. మహాస్తూపం చుట్టూ అమరావతి శైలి పలకలు, బుద్ధచరితం చూపే తోట, జాతక కథల తోట, వివిధ దేశాల స్తూపాల చిన్న నమూనాలు. శ్రీలంక నుంచి కానుకగా వచ్చిన అవుకన బుద్ధుని ప్రతిరూపం నిటారుగా నిలబడి ఉంది. కొత్త సిమెంటు వాసన నాకు పడదు కానీ, ఒక విషయంలో ఈ చోటు అక్కరకొచ్చింది. సాంచీ డోము బోర్లించిన గిన్నెలా ఉంటుంది. చైనా, జపాన్ వైపు వెళ్లేసరికి అది అంతస్తుల పగోడాగా మారుతుంది. టిబెట్‌లో చోర్టెన్ అవుతుంది. నమూనాల మధ్య నడుస్తూ, చిన్నమ్మకు ఈనాటికీ బతికున్న మూడు పెద్ద కొమ్మలు చెప్పాను. శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్‌లలో థేరవాదం. చైనా, కొరియా, జపాన్, వియత్నాంలలో మహాయానం. టిబెట్, భూటాన్, మంగోలియాలలో వజ్రయానం. పాత పద్దెనిమిదిలో సంఘంగా నేటికీ నిలిచింది థేరవాదం ఒక్కటే.

మరి మిగతావి? అవి మరో రకంగా బతికున్నాయి. మహాయానం అనేది ఒక నియమావళి ఉన్న శాఖ కాదు. మహాయాన సూత్రాలు చదివే భిక్షువు కూడా ఏదో ఒక పాత శాఖ వినయం ప్రకారమే దీక్ష తీసుకునేవాడు. చైనా, కొరియా, వియత్నాం భిక్షువులు ఇప్పటికీ ధర్మగుప్తకుల వినయం పాటిస్తారు. టిబెట్ భిక్షువులది మూలసర్వాస్తివాదుల వినయం. అంటే దలైలామా సిద్ధాంతంలో మహాయాని, సాధనలో వజ్రయాని, నియమంలో మూలసర్వాస్తివాది. చెట్టు బొమ్మ గీసేవాళ్లు ఆయన్ను ఏ కొమ్మ మీద కూర్చోబెడతారో చూడాలి.

స్తూపం దగ్గర తెల్ల చీరల్లో పది పదిహేను మంది మహిళలు త్రిశరణాలు చెప్పుకుంటున్నారు. చిన్నమ్మ వాళ్లతో మాట కలిపింది. వచ్చి నాకు చెప్పింది, “ఏ శాఖ అని అడిగాను బిడ్డా. బాబాసాహెబ్ శాఖ అన్నారు.” 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో అంబేడ్కర్ లక్షల మందితో బౌద్ధం స్వీకరించి ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించిన రోజు నుంచి మొదలైన శాఖ అది. నవయానం అంటారు. నా కాగితం మీద దీనికి చోటే లేదు. చిన్నమ్మ పెన్ను అడిగి, చెట్టు మొదట్లో వేరు దగ్గర రాసింది. కొత్త కొమ్మను వేరు దగ్గర రాయడమేమిటని అడిగితే, “వాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టారట” అంది.

మధ్యాహ్నం సాగర్ చేపల దుకాణం దగ్గర ఆగాం. చిన్నమ్మ విపశ్యన తర్వాత చేప మానేసింది కానీ వాసన మానలేదు. బుద్ధుడు చేప తిన్నాడా అని అడిగింది. థేరవాద వినయంలో భిక్షువుకు మాంసం నిషేధం కాదు. తన కోసం చంపడం చూడకపోతే, వినకపోతే, అనుమానించకపోతే, భిక్షలో పడింది తినవచ్చు. చైనాలో మహాయాన భిక్షువులు లంకావతార సూత్రం మాట పట్టుకుని పూర్తి శాకాహారులయ్యారు. కూరగాయలు పెద్దగా పండని టిబెట్‌లో అదే మహాయానులు మాంసం మానలేకపోయారు. దుకాణంవాడు వేడి నూనెలో బొచ్చె ముక్కలు తిప్పుతూ ఇదంతా విని, “అమ్మా, మీ కోసం చంపలేదు, పొద్దున్నే పట్టాం” అన్నాడు. చిన్నమ్మ ఆ మూడు షరతుల త్రికోటి పరిశుద్ధిని ఒక్క క్షణం ఆలోచించి, పెరుగన్నం తెప్పించుకుంది. నేను తిన్నాను.

రాత్రి గదిలో కథావత్థు గురించి చెప్పాను. అశోకుని కాలంలో పాటలీపుత్రంలో మొగ్గలిపుత్త తిస్స పరమతాలను ఖండిస్తూ కూర్చాడని థేరవాదులు చెప్పే గ్రంథం అది. దాని మీద పాలీ వ్యాఖ్యానం, ఫలానా వాదం ఫలానా శాఖది అని పేర్లు చెబుతుంది. అందులో మాటిమాటికీ వచ్చే పేరు అంధకులు. పూర్వశైలులు, అపరశైలులు, రాజగిరికులు, సిద్ధార్థికులు కలిపి అంధకులు. అంటే ఆంధ్రదేశపు వాళ్లు, మనవాళ్లే. మహాదేవుని ఐదు మాటలు అక్కడ వీళ్ల ఖాతాలోనే ఉన్నాయి. అర్హతుణ్ణి నేల మీదికి దించిన వీళ్లే, బుద్ధుణ్ణి ఆకాశానికి ఎత్తారు. బుద్ధుని మాట కూడా లోకోత్తరమే అన్నారు. వీళ్లలో కొందరు ఇంకా ముందుకు పోయి, బుద్ధుని మలమూత్రాలు కూడా సుగంధ ద్రవ్యాలన్నింటినీ మించి పరిమళిస్తాయని వాదించారు. థేరవాదులు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ఆయన గంధం తిన్నాడా? అన్నం తిన్నాడు కదా?

ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో బెడ్‌పాన్లు మోసిన మనిషి, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని ఐదు నిమిషాలు నవ్వింది. నవ్వు తగ్గాక, “అయినా బిడ్డా, తల్లికి పిల్లవాడిది వాసన రాదు” అంది. అంధకుల తరఫున అంతకంటే మంచి వాదం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు.

నాలుగో రోజు: నాగార్జునకొండ

లాంచీ గంట ఆలస్యంగా కదిలింది. టికెట్ల దగ్గర చెప్పిన సమయానికి, కదిలిన సమయానికి సంబంధం లేదు. నీళ్ల మీద ముప్పావు గంటకు పైగా ప్రయాణం. చుట్టూ ఎటు చూసినా నీలం. ఈ నీళ్ల అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1926లో ఈ లోయ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబర్‌లో డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. మునిగేలోపు తవ్వగలిగినంత తవ్వమని పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వింది. కొన్ని కట్టడాలను ఊడదీసి ఈ కొండ మీద మళ్లీ కట్టారు. మరికొన్ని అవతలి ఒడ్డున అనుపులో ఉన్నాయి. మిగిలినవి నీళ్లలోనే.

పేరు నాగార్జునకొండ. శాసనాల్లో నాగార్జునుడు లేడు. శూన్యవాద గ్రంథం మూలమధ్యమకకారిక రాసిన నాగార్జునాచార్యుడు శ్రీపర్వతం మీద గడిపాడని చైనా, టిబెట్ సంప్రదాయాలు చెబుతాయి. ఇక్కడి శాసనాల్లో సిరిపవతం అన్న పేరు ఉంది. కొండకూ ఆచార్యునికీ మధ్య ఉన్న తాడు అదొక్కటే. ఆయన శాతవాహన రాజుకు రాశాడనే సుహృల్లేఖకు సంస్కృత మూలం పోయి, చైనా, టిబెట్ అనువాదాలు మిగిలాయి.

శూన్యవాదం అంటే ఏమీ లేదనడమా అని చిన్నమ్మ అడిగింది. ఏ వస్తువూ తనంతట తానుగా నిలబడదు, మిగతావాటి ఆసరాతోనే ఉంటుంది అన్నది ఆయన మాటని, తోచినట్టు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “జ్వరం లాగానా? జ్వరం అనే వస్తువును ఎవరూ చూడలేదు. ఒళ్లు, పురుగు, వేడి కలిస్తే జ్వరం. విడిగా తీసి చూపించమంటే ఏముంది? లేదందామంటే రోగి వణుకుతున్నాడు” అంది. దీన్ని అపార్థం చేసుకుంటే, సరిగ్గా పట్టుకోని పాములా పట్టుకున్నవాడినే కాటేస్తుందని ఆచార్యుడే హెచ్చరించాడు. ఫణిగిరి మీద ఈ మాట నాకు ఎందుకు గుర్తురాలేదో!

మ్యూజియంలో పలకల ముందు చాలాసేపు నిలబడ్డాం. బయట తిరిగి కట్టిన స్తూపాల పునాదులు చూడాలి. బండి చక్రంలా మధ్యలో ఇరుసు, చుట్టూ ఇటుక ఆకులు. ఒకదాని నడుమ స్వస్తికం. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు. వాటి మీద ఐదేసి స్తంభాలు బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ఉపదేశం, నిర్వాణాలకు గుర్తులు. ఇది మన ప్రాంతపు ప్రత్యేకత. సింహ విహారం దగ్గర ఎదురెదురుగా రెండు చైత్యగృహాలున్నాయి. ఒకదానిలో చిన్న స్తూపం, రెండోదానిలో నిలుచున్న బుద్ధుడు. స్తూపానికి మొక్కేవాళ్లు ఇటు, విగ్రహానికి మొక్కేవాళ్లు అటు. ఆవరణ ఒకటే. ఫణిగిరి పలక మీద చూసినదే ఇక్కడ ఇటుకలతో కట్టారు.

చిన్నమ్మ ప్రశ్నకు సగం జవాబు శాసనాల్లో దొరికింది. ఆ ఇంటి సంగతి వినండి. ఇక్ష్వాకు వంశం మొదటి రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, మహాసేనుని, అంటే కుమారస్వామి, భక్తుడు. ఆయన కొడుకు వీరపురుషదత్తుడు. అతని మేనత్త చాంతిసిరి, మేనల్లుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. అది అపరమహావినసేలియులది, అంటే అపరశైలులది. పని చూసిన ఆనందుడనే భిక్షువు దీఘ, మజ్ఝిమ నికాయాలలో దిట్ట. వీరపురుషదత్తుని భార్య భట్టిదేవి విహారం కట్టించింది బహుశ్రుతీయులకు. వనవాస రాజుకు ఇచ్చిన కూతురు కొడబలిసిరి కట్టించింది మహీశాసకులకు. ఇక బోధిసిరి అనే ఉపాసిక, అదే రాజు పద్నాలుగో ఏట చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది తంబపణ్ణి, అంటే సింహళ, థేరులకు. కాశ్మీరం, గాంధారం, చైనా, తోసలి, వంగ, యవన, దమిళ దేశాలను ప్రసన్నం చేసినవారని ఆ ఆచార్యులను పొగిడింది.

“అంటే మేనత్త ఒక శాఖ, భార్య ఒక శాఖ, కూతురు ఒక శాఖ” అని చిన్నమ్మ వేళ్లు మడిచింది. “నాన్నగారు యజ్ఞాలు. ఇంట్లో గొడవ లేదా?”

“శాసనాల్లో గొడవ కనిపించదు.”

“ఎందుకుంటుంది? మా అక్క చెరువుగట్టుకు పోతుంది, నేను విపశ్యన, మా అత్త ఏటా జాన్‌పహాడ్ దర్గాలో కందూరు చేసేది. ఒకే గిన్నెలో వండుకున్నాం.”

అపరశైలులు, బహుశ్రుతీయులు మహాసంఘికుల కొమ్మ. మహీశాసకులు, సింహళ థేరులు స్థవిరుల కొమ్మ. గ్రంథాల్లో ఒకరి మాట ఒకరు ఖండించుకున్న ఈ నలుగురూ ఒకే లోయలో, నడిచిపోగల దూరంలో ఉన్నారు. చెట్టు బొమ్మ చూస్తే దూరమైపోయినట్టు అనిపిస్తుంది. నేల చూస్తే పొరుగిళ్లు. నాకు చెట్టు బొమ్మ మీద మోజు పోయింది అక్కడే.

వీళ్లలో ఇద్దరి ప్రయాణం చెప్పాలి. చైనా యాత్రికుడు ఫాహియాన్ 5వ శతాబ్దం తొలినాళ్లలో సింహళంలో మహీశాసక వినయం ప్రతి సంపాదించాడు. దాన్ని చైనీస్‌లోకి అనువదించారు. ఆ శాఖ భిక్షువులు లోకంలో లేరు, నియమాలు చైనీస్‌లో ఉన్నాయి. హరివర్మ రాసిన తత్త్వసిద్ధిని చాలామంది పండితులు బహుశ్రుతీయులదిగా భావిస్తారు. కుమారజీవుడు దాన్ని చైనీస్‌లోకి తెచ్చాడు. జపాన్‌లో నారా కాలపు ఆరు శాఖల్లో జోజిత్సు అనేది ఈ గ్రంథం మీదే నిలిచింది. వజ్రయానం వాళ్లు కృష్ణ దిగువన ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి దగ్గర, బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించాడని నమ్ముతారు. 2006 జనవరిలో దలైలామా అమరావతి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది అందుకే.

వేపచెట్టు నీడలో కూర్చుని చిన్నమ్మ నా కాగితం తీసింది. అపరశైలుల పక్కన చాంతిసిరి, బహుశ్రుతీయుల పక్కన భట్టిదేవి, మహీశాసకుల పక్కన కొడబలిసిరి, థేరవాదుల పక్కన బోధిసిరి అని గుండ్రటి అక్షరాలతో రాసింది. తుమ్మలగూడెం రాణి పేరు ఏ కొమ్మకూ కాకుండా నాలుగు అంచుల్లోనూ రాసింది. రాజవైద్యుణ్ణి మరిచిపోయిందని గుర్తుచేస్తే, “ఆయన పేరు లేదు కదా, హోదా ఒక్కటే ఉంది. మా శాఖలో అంతే” అంది.

కాపలా మనిషి ఈల వేశాడు. ఆఖరి లాంచీ. ఎక్కగానే చిన్నమ్మ నడిపే అతన్ని అడిగింది, “ఆ కొడబలిసిరి విహారం నీళ్లలో ఎక్కడ వస్తుంది నాయనా?”

అతను నీళ్ల మీద చేయి ఒకసారి అర్ధచంద్రంగా తిప్పాడు. “అన్నీ ఇక్కడే అమ్మా. మన కిందే అనుకోండి.”

చిన్నమ్మ వంగి చెప్పులు విప్పి బల్ల కిందికి జరిపింది. కాళ్లు పైకి తీసి, చీర చుట్టుకుని కూర్చుంది.